ఆయాసం లేని రోజున కూడా ఉబ్బసం వుంటుంది

తెల్లవారుజామున మూడు గంటలవుతుంది. ఇంట్లో అందరూ మంచి నిద్రలో వుంటారు. ఒక్కరు మాత్రం మంచం మీద లేచి కూర్చుని, రెండు చేతులూ మోకాళ్ళ మీద ఆనించి, ముందుకు వంగి గాలి కోసం పెనుగులాడుతూ వుంటారు. మెడ నరాలు బిగుసుకుంటాయి. డొక్కలు ఎగిరెగిరి పడుతుంటాయి. రొమ్ములోంచి సన్నగా పిల్లికూతలు వినిపిస్తాయి. మీ ఇంట్లో కాకపోతే పక్క ఇంట్లోనైనా ఈ అవస్థ మీరు చూసే వుంటారు. తెల్లవారగానే ఊళ్ళో వైద్యం చేసే ఆయన్ను పిలుస్తారు. ఆయన నరానికి ఒక ఇంజక్షను, కండకు ఒక ఇంజక్షను ఇస్తాడు. పదిగంటలకల్లా మనిషి మామూలై అన్నం తిని పొలానికి వెళ్ళిపోతాడు. “తగ్గిపోయింది” అంటారు ఇంట్లోవాళ్ళు.

తగ్గింది ఆయాసం. జబ్బు కాదు. ఈ రెండిటికీ వున్న తేడా తెలియకపోవడం వల్లనే మనదేశంలో ఉబ్బసం రోగులు పడరాని పాట్లు పడుతున్నారు; కొందరు ప్రాణాలు కూడా పోగొట్టుకుంటున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2019లో ప్రపంచంలో 26 కోట్ల మందికి పైగా ఉబ్బసం వుంది. ఆ ఏడాది ఈ జబ్బుతో చనిపోయినవారు సుమారు నాలుగున్నర లక్షలు. ఈ రోగుల్లో మనవాళ్ళు ఎనిమిదో వంతు వుంటే, చనిపోయినవారిలో నూటికి 40 మందికి పైగా మనవాళ్ళే. జబ్బు మన దగ్గర ప్రత్యేకంగా క్రూరమైనదేమీ కాదు. చేయించుకునే వైద్యంలోనే లోపం వుంది.

రొమ్ములో జరిగేదేమిటి?

ఊపిరి గొట్టం తలకిందులు చేసిన చెట్టులాంటిది. మొదలు గొంతులో వుంటుంది. కొమ్మలూ, రెమ్మలూ చీలుకుంటూ పోయి చివర ఊపిరితిత్తుల్లోని చిన్న చిన్న గాలి తిత్తుల్లో కలుస్తాయి. ఉబ్బసం వున్నవారిలో ఈ కొమ్మల లోపలి పొర ఎప్పుడూ కొద్దిగా వాచి, ఎర్రబడి, చిరాకుగా వుంటుంది. మామూలు మనిషికి ఏమీ చెయ్యని దుమ్ము, పొగ, చల్లగాలి ఆ పొరకు తగిలితే చాలు, మూడు పనులు ఒక్కసారిగా జరుగుతాయి. గొట్టం చుట్టూ వున్న కండరం బిగుసుకుంటుంది. లోపలి పొర ఇంకా వాస్తుంది. చిక్కటి జిగట కళ్ళె వూరి మిగిలిన కాస్త దారినీ మూసేస్తుంది. గాలి లోపలికి ఎలాగో వెళ్ళినా బయటికి రావడమే కష్టమవుతుంది. పిల్లికూతలు ఊపిరి వదిలేటప్పుడు ఎక్కువగా వినిపించేది అందుకే.

ఇంజక్షను గానీ, పీల్చే మందు గానీ చప్పున పనిచేసేది కండరం మీద. బిగుసుకున్న కండరం సడలగానే హాయిగా వుంటుంది. కాని పొరలోని వాపు అలాగే వుండిపోతుంది, నివురు గప్పిన నిప్పులాగా. మళ్ళీ ఏ పొగో, దుమ్మో తగలగానే రాజుకుంటుంది. తెల్లవారుజామునే ఎందుకు వస్తుందని చాలామంది అడుగుతారు. వాపును అదుపులో వుంచే సహజమైన స్టెరాయిడ్ ఒకటి మన శరీరమే తయారు చేసుకుంటుంది. రాత్రి వేళ అది అడుగంటుతుంది. గొట్టాలు కూడా ఆ వేళకే ఇరుకవుతాయి. అంతే తప్ప ఇందులో గాలీ ధూళీ సోకడం వంటివేమీ లేవు.

ఆయాసం, పిల్లికూతలు, రొమ్ము పట్టేసినట్టుండడం, దగ్గు: లక్షణాలు ఈ నాలుగే. అన్నీ కలిసే రావాలని లేదు. కొందరు పిల్లలకు ఆయాసం అసలు కనిపించదు. రాత్రిపూట దగ్గు తెరలు తెరలుగా వచ్చి, దగ్గి దగ్గి వాంతి చేసుకుంటారు. పరుగెత్తినా, పకపకా నవ్వినా దగ్గు వస్తుంది. “జలుబు చేసింది, నెమ్ము చేసింది” అని నెలకో సీసా మందు తాగిస్తూ వుంటారు. అలాంటి పిల్లవాడికి పొద్దున లేవగానే వరసగా తుమ్ములు, ముక్కు కారడం, తల్లికో తండ్రికో మేనమామకో ఇదే బాధ వుందంటే మాత్రం ఉబ్బసమేమోనని చూపించుకోవలసిందే. ముక్కూ, రొమ్మూ ఒకటే దారి గదా! అన్నిటికంటే పెద్ద గుర్తు ఏమిటంటే, ఈ జబ్బు వస్తూ పోతూ వుంటుంది. నిన్న రాత్రి చచ్చేంత ఆయాసపడిన మనిషి ఇవాళ మధ్యాహ్నం ఏమీ లేనట్టు తిరుగుతాడు. ఎక్సరే తీస్తే చాలామందిలో ఏమీ కనబడదు. గొట్టంలోకి గట్టిగా ఊదించి, మందు పీల్పించి, మళ్ళీ ఊదించి చూసే పరీక్షలో తేడా తెలుస్తుంది.

వచ్చిన ఆయాసమల్లా ఉబ్బసం అనుకోవద్దు. వయసు మళ్ళినవారికి పడుకుంటే ఆయాసం, కాళ్ళకు నీరు వుంటే గుండె చూపించుకోవాలి. ఏళ్ళ తరబడి చుట్ట, బీడీ తాగినవారి ఆయాసం, పొయ్యి ముందు పొగ మింగిన ఆడవాళ్ళ ఆయాసం వేరే రకం కావచ్చు. రెండు వారాలు దాటిన దగ్గుకు కళ్ళె పరీక్ష తప్పదు.

ముండ్లమూరు నుంచి గిద్దలూరు దాకా

రెచ్చగొట్టే వస్తువులేమిటని అడిగితే పుస్తకాల్లో పెద్ద జాబితా వుంటుంది. అది చదివి ఎవరికీ ఏమీ గుర్తుండదు. ఒక ప్రాంతాన్ని తీసుకుని అక్కడ ఏడాది ఎలా నడుస్తుందో చూద్దాం. ప్రకాశం జిల్లాలో దర్శి పక్కన వున్న ముండ్లమూరు నుంచి పడమరగా పొదిలి, మార్కాపురం, గిద్దలూరు దాకా పోయే మెట్ట ప్రాంతం ఇందుకు బాగా సరిపోతుంది. మీది వేరే జిల్లా అయినా మీ ఊరే ఇందులో కనబడుతుంది.

సంక్రాంతి ముందర పొద్దుటి మంచు, చలిగాలి. పండుగకని ఇల్లు దులుపుతారు, అటకల మీద ఏడాది దుమ్ము కిందికి దిగుతుంది, గోడలకు సున్నం పడుతుంది. భోగిమంటలో పాత టైర్లు పడేసే అలవాటొకటి ఈమధ్య బయలుదేరింది. పిల్లల రొమ్ములకు అంతకంటే అపకారం లేదు. కంది నూర్పిళ్ళ దుమ్ము, తరవాత మిరప కల్లాల ఘాటు. పొగాకు వేసినవారికి బేరనులో ఆకు కాల్చడం, మండెలు కట్టడం, గ్రేడింగు చెయ్యడం. ఎండిన ఆకు నలిగి లేచే దుమ్ము ముక్కులోకి పోకుండా ఆ పని చెయ్యడం ఎవరి తరం? ఎండాకాలం ఈదురు గాలులతో ఎర్రమన్ను లేస్తుంది. వానలు పడితే గోడలకు చెమ్మ, గడ్డివాములకు బూజు. అటుపైన కార్తులు మారే వేళ పిల్లలందరికీ జలుబు. పిల్లల్లో ఉబ్బసాన్ని రేపేవాటిలో మామూలు జలుబే అన్నిటికంటే పెద్దది. తరవాత దీపావళి మందుగుండు.

ఇక చెట్ల సంగతి. ముండ్లమూరు పేరులోనే ముండ్లున్నాయి. ఊరి చుట్టూ కంపకూ కొదవ లేదు. బీళ్ళలో, చెరువుగట్ల మీద, రోడ్ల పక్కన ఎక్కడ చూసినా సర్కారు తుమ్మే. ఇది మన చెట్టు కాదు. 1877లో జమైకా నుంచి విత్తనాలు తెప్పించి కడప జిల్లా కమలాపురంలో నాటారు. కరువు నేలలో వంటచెరకు దొరుకుతుందని తెచ్చిన చెట్టు కరువు సీమంతా ఆక్రమించుకుంది. దాని కంకుల్లోని పుప్పొడి ఎందరికో తుమ్ములూ, ఉబ్బసమూ తెప్పిస్తుందని తేలింది. 1950ల నుంచి దేశమంతా పాకిన వయ్యారిభామ కూడా అంతే. ముట్టుకుంటే చర్మం మీద దద్దుర్లు, పీలిస్తే ముక్కు కారడం, ఆయాసం. మీ ఇంటి చుట్టూ వున్న వయ్యారిభామను పూతకు రాకముందే, వాన పడి నేల మెత్తగా వున్నప్పుడే, చేతికి గుడ్డ చుట్టుకుని వేళ్ళతో సహా పీకించండి. ఉబ్బసం వున్న మనిషి చేత మాత్రం పీకించకండి.

ఉరుములతో వాన వచ్చిన రోజున ఆయాసం ఎక్కువయిందని రోగులు చెబితే నవ్వేవాళ్ళున్నారు. ఆ మాట నిజమే. 2016 నవంబరు 21న ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ నగరం మీదికి ఉరుముల గాలివాన వచ్చింది. గాలిలోని గడ్డి పుప్పొడి తడిసి పగిలి, ఊపిరితిత్తుల లోపలికి చొరబడేటంత సన్నటి నలుసులైంది. కొద్ది గంటల్లో వేలమంది ఆసుపత్రులకు పరుగెత్తారు. 10 మంది చనిపోయారు. కాబట్టి ఉరుముతున్నప్పుడు రోగిని ఆరుబయట వుంచకుండా ఇంట్లోకి తీసుకుపోయి కిటికీలు మూయడం మంచిదే.

కంటికి కనబడే దుమ్ము కంటే కనబడని పురుగు పెద్ద శత్రువు. పరుపుల్లో, దిండ్లలో, బొంతల్లో మన శరీరం నుంచి రాలే చర్మపు పొట్టు తిని బతికే అతి చిన్న పురుగులుంటాయి. మిల్లీమీటరులో మూడోవంతు కూడా వుండవు. ఈ పురుగుల వల్లనే ఇంటి దుమ్ము పడడం లేదని 1964లో హాలెండు పరిశోధకులు కనిపెట్టారు. వీటికి చెమ్మ కావాలి, ఎండ గిట్టదు. ప్రకాశం జిల్లా ఎండలను అందరూ తిట్టేవాళ్ళే గాని, ఈ విషయంలో ఆ ఎండ మీకు వరం. వారానికోసారి పరుపూ, దిండ్లూ మిట్టమధ్యాహ్నం డాబా మీద ఎండబెట్టి, తిరగేసి, బాగా దులిపి తీసుకురండి. దులిపే పని రోగి చెయ్యకూడదు. దుప్పట్లు వేడి నీళ్ళలో ఉతకండి. ఇల్లు పొడి చీపురుతో ఊడ్చే బదులు తడిగుడ్డతో తుడవండి.

పొగ గురించి వేరే చెప్పాలి. గ్యాసు పొయ్యి వచ్చిన ఇళ్ళలో కూడా నీళ్ళు కాచడానికి, పశువుల దాణా ఉడకేయడానికి కందికట్టె, పత్తికట్టె, పిడకల పొయ్యి సాగుతూనే వుంది. పోనీ దాన్ని ఆరుబయటికి మార్చండి. తల్లి చంకలో బిడ్డను వేసుకుని పొయ్యి ముందు కూర్చోవడం మానాలి. తలుపులు మూసి దోమల చుట్ట ముట్టించడం, సాంబ్రాణి ధూపం, నాన్నగారి బీడీ ఇవన్నీ ఒకటే ఖాతా. దోమతెర కట్టుకుంటే చుట్ట అవసరమే వుండదు.

పని చేసే చోటు నుంచి వచ్చే ఉబ్బసానికి తేలిక గుర్తు ఒకటుంది. సెలవు రోజుల్లో, ఊరికి వెళ్ళినప్పుడు హాయిగా వుండి, పనిలోకి దిగగానే తిరగబెడుతుందా? అయితే ఆ పని దుమ్మే కారణం. ఇక్కడొక హెచ్చరిక. తరాల తరబడి తెలుగు పిల్లల చేతుల్లోకి పలకలు పంపిన ఊరు మార్కాపురం. ఆ పలక రాతిలో సిలికా వుంటుంది. రాయి కోసేటప్పుడూ, అరగదీసేటప్పుడూ లేచే సన్నటి ధూళిని ఏళ్ళ తరబడి పీలిస్తే ఊపిరితిత్తులు మచ్చలు కట్టి గట్టిపడతాయి. దీన్ని సిలికోసిస్ అంటారు. ఇది ఉబ్బసం కాదు. ఉబ్బసంలాగా వచ్చిపోయేది కాదు. నెమ్మదిగా వచ్చి, వచ్చాక తిరిగి పోదు, పైగా క్షయకు దారి తీస్తుంది. పలకల పనివారికీ, చీమకుర్తి గ్రానైటు పనివారికీ ఆయాసం వస్తే “ఉబ్బసమేలే” అని పీల్చే మందుతో సరిపెట్టకుండా రొమ్ము ఎక్సరే తీయించి, ఫలానా రాతి పని ఇన్నేళ్ళు చేశానని డాక్టరుకు విడమరచి చెప్పాలి. ముక్కుకు కట్టుకునే తువాలు ఈ ధూళిని ఆపలేదు. రాయిని తడుపుతూ కోయడమే అసలైన రక్షణ.

మందుల్లో కూడా రెచ్చగొట్టేవి వున్నాయి. ఆస్పిరిన్ వంటి కొన్ని నొప్పి బిళ్ళలు కొందరికి ఆయాసం తెప్పిస్తాయి. రక్తపోటుకూ, గుండె దడకూ ఇచ్చే కొన్ని రకాల బిళ్ళలు, కంటిలో నీటి కాసులకు వేసే కొన్ని చుక్కలు ఉబ్బసం వున్నవారికి పనికిరావు. ఏ జబ్బుకు ఏ డాక్టరు దగ్గరికి వెళ్ళినా “నాకు ఉబ్బసం వుందండీ” అని ముందే చెప్పండి.

ఇక పెరుగు, మజ్జిగ, అరటిపండు, నిమ్మకాయ, పులుపు అని పిల్లల నోటికి తాళం వేసే పథ్యాలున్నాయే, వాటిలో చాలావాటికి ఆధారం లేదు. ఫలానాది తిన్నప్పుడల్లా ఆయాసం వచ్చిందని మీరు రెండు మూడు సార్లు స్వయంగా గమనిస్తే అది మానండి. లేకపోతే పిల్లవాణ్ణి తిననివ్వండి.

అలవాటు పడుతుందన్న భయం

“ఇన్‌హేలరు ఒకసారి పడితే జన్మంతా వదలదట కదా?” ఈ ప్రశ్న అడగని తల్లి లేదు. ఆడపిల్ల తల్లి అయితే గొంతు తగ్గించి అడుగుతుంది. పెళ్ళిచూపులనాటికి అది ఎవరి కంటా పడకూడదని ఆమె బాధ. ఆ బాధ అర్థం కానిది కాదు. కాని లెక్క చూడండి. గొట్టాల కండరాన్ని సడలించే సాల్బుటమాల్ అనే మందు 4 మిల్లీగ్రాముల బిళ్ళగా దొరుకుతుంది. ఇన్‌హేలరు ఒక్కసారి నొక్కితే వచ్చేది 100 మైక్రోగ్రాములు. అంటే ఒక బిళ్ళలో వున్న మందు 40 సార్లు నొక్కితే వచ్చే మందుతో సమానం! బిళ్ళ కడుపులోకి, రక్తంలోకి, ఒళ్ళంతా తిరిగి, చేతులు వణికించి, గుండె దడ పుట్టించి, చివరికి కాస్త రొమ్ముకు చేరుతుంది. పీల్చిన మందు నేరుగా జబ్బున్న చోటికే వెళుతుంది. మరి ఏది ఎక్కువ మందు? కంటికి మందు కంటిలోనే వేస్తాం గదా, రొమ్ముకు మందు రొమ్ములోకే పీల్చడంలో తప్పేముంది?

ఇన్‌హేలర్లు రెండు రకాలని తెలియకపోవడం ఇంకో చిక్కు. ఒకటి పై చెప్పిన సాల్బుటమాల్. సాధారణంగా నీలం డబ్బాలో వస్తుంది. కొద్ది నిమిషాల్లో హాయినిస్తుంది, నాలుగైదు గంటల్లో దాని పని అయిపోతుంది. రెండోది వాపును తగ్గించే మందు: బుడెసొనైడ్, బెక్లోమెథాసోన్ వంటివి. వీటివల్ల ఆ పూట ఏమీ తెలియదు. రోజూ వాడితే వారాల మీద పొర నెమ్మదిస్తుంది, రాత్రి నిద్ర పడుతుంది. చాలామంది చేసేదేమిటంటే, చప్పున పనిచేసేదాన్ని దగ్గర పెట్టుకుని, అసలైనదాన్ని “గుణం కనబడలేదు” అని పక్కన పడేస్తారు. ఒక్క సాల్బుటమాల్ మీదనే ఆధారపడితే ప్రాణాపాయం ఎక్కువని తేలడంతో, పెద్దవారికైనా, ఎదిగిన పిల్లలకైనా దాన్ని ఒంటరిగా వాడవద్దని ‘జీనా’ అనే అంతర్జాతీయ నిపుణుల సంఘం 2019లో తేల్చి చెప్పింది. వాపు తగ్గించే మందూ, హాయినిచ్చే ఫార్మోటెరాల్ మందూ కలిసి వచ్చే ఇన్‌హేలర్లు కూడా వున్నాయి. మీకు ఏది తగునో డాక్టరు నిర్ణయించాలి. నెలకు ఒక సాల్బుటమాల్ డబ్బా అయిపోతూ వుంటే మాత్రం అది ప్రమాద సూచన, ఆలస్యం చెయ్యకండి.

ఫిన్లండు అనే చలిదేశంలో 1994లో ఒక పదేళ్ళ ప్రణాళిక వేసుకున్నారు. కొత్త మందులేమీ కనిపెట్టలేదు. జబ్బును తొందరగా గుర్తించడం, వాపు మందు మొదటినుంచే ఇవ్వడం, పీల్చే పద్ధతి నేర్పడం ఇంతే చేశారు. పదేళ్ళు తిరిగేసరికి ఉబ్బసం రోగులు ఆసుపత్రిలో గడిపే రోజులు సగానికి పైగా తగ్గాయి.

స్టెరాయిడ్ అనగానే హడలిపోయే రోగులు, ఆ స్టెరాయిడ్‌నే మరో పేరుతో తెలియకుండా మింగుతూ వుండడం విచిత్రం. ఊళ్ళో ఇచ్చే ఇంజక్షన్లలో డెక్సామెథాసోన్ వుంటుంది. “ఆయాసానికి ఆకుమందు” అని పొట్లాల్లో అమ్మే కొన్ని పొడుల్లో కూడా స్టెరాయిడ్ బిళ్ళలు నూరి కలుపుతారు. వేసుకోగానే అద్భుతంగా వుంటుంది, ఆకలి పెరుగుతుంది, ముఖం నిండుగా అవుతుంది. “మందు బాగా పట్టింది” అనుకుంటారు. ఆ నిండుతనం ఆరోగ్యం కాదు. ఏళ్ళు గడిచేకొద్దీ ఎముకలు గుల్లబారతాయి, చక్కెర జబ్బు, కంటిలో పొరలు వస్తాయి, పిల్లలు ఎదగరు. హఠాత్తుగా మానితే ఇంకా ప్రమాదం. ప్రెడ్నిసలోన్ 20 మిల్లీగ్రాముల బిళ్ళ ఒకటి, 200 మైక్రోగ్రాముల బుడెసొనైడ్ పీల్పుకు బరువులో నూరు రెట్లు. ఉధృతంగా వచ్చినప్పుడు డాక్టరు అయిదారు రోజులు బిళ్ళలు ఇస్తే వేసుకోవలసిందే. అది ప్రాణం నిలిపే మందు. నెలల తరబడి పొట్లాల్లో తినడమే తగదు.

మృగశిర కార్తె వచ్చే రోజున, జూన్ మొదటి పక్షంలో, హైదరాబాదు నాంపల్లి ఎగ్జిబిషను మైదానంలో బత్తినివారి చేపమందు కోసం వేలాది జనం చేరతారు. మందు కూరిన చిన్న కొర్రమీను పిల్లను ప్రాణంతోనే మింగిస్తారు. డబ్బు తీసుకోరు. 1845 నుంచి ఇస్తున్నామని ఆ కుటుంబం చెబుతుంది. దీనివల్ల ఉబ్బసం తగ్గుతుందని శాస్త్రీయ పరీక్షల్లో రుజువు కాలేదు. నమ్మకంతో వెళ్ళేవారిని వద్దనడం నా ఉద్దేశం కాదు. అయితే రెండు మాటలు. వెళ్ళేటప్పుడు ఇన్‌హేలరు జేబులో వుండాలి, వచ్చాక రోజు వాడే మందు ఆపకూడదు. చేపకు బెదిరి ఏడుస్తున్న పసివాడి నోట్లో దాన్ని బలవంతంగా పెట్టకండి, ఊపిరి గొట్టానికి అడ్డం పడితే ఏమవుతుంది?

నాటు వైద్యమంతా దండగ అని కూడా అనుకోవద్దు. మన ఆయుర్వేదం ఈ జబ్బును ‘తమక శ్వాస’ అని ఏనాడో వర్ణించింది. ఉమ్మెత్త పొగ పీలిస్తే ఆయాసం తగ్గుతుందని మద్రాసులో ఇంగ్లీషు వైద్యులు ఇక్కడివారి దగ్గరే నేర్చుకున్నారు. 1802లో ఆ చికిత్స ఇంగ్లండు చేరి అక్కడ దశాబ్దాలు సాగింది. ఉమ్మెత్తలోని విషపదార్థం అట్రోపిన్; దాన్ని మార్చి మార్చి తయారు చేసిన ఇప్రాట్రోపియం ఇప్పటికీ ఆసుపత్రుల్లో ఉబ్బసపు నెబులైజరులో పోస్తున్నారు. అంతమాత్రాన పెరట్లో ఉమ్మెత్తాకు చుట్టి కాల్చకండి! మోతాదు తప్పితే మతి భ్రమిస్తుంది, ప్రాణం కూడా పోతుంది.

పీల్చడం నేర్చుకోవాలి

మందు గుణం సగం పీల్చే తీరులో వుంది. నోట్లోకి చిమ్మే డబ్బా అయితే ముందు బాగా కుదపండి. ఊపిరి పూర్తిగా వదలండి. మూతి పెదవుల మధ్య బిగించి, నొక్కుతూనే నెమ్మదిగా, పొడుగ్గా పీల్చి, పది అంకెలు లెక్కపెట్టేదాకా ఊపిరి బిగపట్టండి. గొట్టంబిళ్ళ పొడిని పీల్చే పరికరమైతే దీనికి విరుద్ధం. గట్టిగా, వేగంగా పీల్చాలి. వాపు మందు పీల్చాక నోరు పుక్కిలించి ఉమ్మేయండి, లేకపోతే నోట్లో తెల్లపూత వస్తుంది.

పిల్లలకూ, ముసలివారికీ నొక్కడం, పీల్చడం ఒకేసారి కుదరదు. వారికి స్పేసరు అనే బోలు గొట్టం తగిలించాలి. కొనలేనివారు అరలీటరు నీళ్ళ సీసా అడుగున ఇన్‌హేలరు మూతి దూరేటంత బెజ్జం చేసి, సందు లేకుండా అంటించి, సీసా మూతి పిల్లవాడి నోట్లో పెట్టవచ్చు. ఈ సీసా కొన్న స్పేసరులాగే పనిచేస్తుందని దక్షిణాఫ్రికాలో 1999లో పరీక్షించి చూశారు.

ఇప్పుడు అతి ముఖ్యమైన సంగతి. ఒక వాక్యం పూర్తిగా పలకలేకపోవడం, పసిబిడ్డ పాలు తాగలేకపోవడం, పక్కటెముకల మధ్య చర్మం లోపలికి పీక్కుపోవడం, పెదవులు నీలంగా మారడం, మగతగా వుండడం వీటిలో ఏది కనబడినా ఊళ్ళో ఇంజక్షనుతో కాలయాపన చెయ్యకండి. 108కి ఫోను చెయ్యండి. బండి వచ్చేలోగా కూర్చోబెట్టి, పడుకోబెట్టకుండా, స్పేసరుతో సాల్బుటమాల్ ఒక్కొక్కటిగా నాలుగు నుంచి ఆరు పీల్పులు ఇవ్వండి. 20 నిమిషాలకు మళ్ళీ ఇవ్వండి. దారిలో కూడా మానకండి. చాలామంది మోసపోయేది ఇక్కడే: అంతవరకూ వినబడిన పిల్లికూతలు వినబడకుండా పోతే “నెమ్మదించింది” అనుకుంటారు. మనిషి తేరుకోకుండా కూత మాత్రం ఆగితే గాలి ఆడడం లేదని అర్థం. ముండ్లమూరు వంటి చోటి నుంచి ఒంగోలు పెద్దాసుపత్రి దగ్గరేమీ కాదు. ఆక్సిజనూ, నెబులైజరూ వున్న దగ్గరి ఆసుపత్రి ఏదో, రాత్రివేళ అక్కడ డాక్టరు వుంటారో లేదో, జబ్బు లేని రోజునే కనుక్కుని వుంచుకోండి.

గర్భిణులు పీల్చే మందు మానకూడదు. మందు వల్ల బిడ్డకు కలిగే నష్టం కంటే తల్లికి గాలి ఆడకపోవడం వల్ల కలిగే నష్టమే ఎక్కువ. పాలిచ్చే తల్లులు కూడా నిక్షేపంగా వాడవచ్చు. పిల్లలు ఆటలు మానక్కర లేదు. పరుగుకు ముందు మందు పీల్చాలో వద్దో డాక్టరును అడిగితే చెబుతారు. చాలామంది పిల్లలకు పెద్దయ్యేకొద్దీ బాధ తగ్గిపోతుంది. అంతవరకూ బడి సంచిలో ఒక ఇన్‌హేలరు, దాన్ని ఎలా ఇవ్వాలో తెలిసిన మేష్టారు ఒకరు వుండాలి. డబ్బాను ఎండలో, మోటారు సైకిలు పెట్టెలో వుంచకండి. వెనక అంకెల లెక్క వుంటే దాన్ని చూస్తూ వుండండి. అంకెలు లేనిదైతే మొదలుపెట్టిన తేదీ డబ్బా మీదనే రాసిపెట్టుకుని, రోజుకెన్ని పీల్పులో చూసుకుని ఎన్నాళ్ళకు అయిపోతుందో లెక్కకట్టుకోండి. మందు అయిపోయినా లోపలి గ్యాసు ఇంకా చిమ్ముతూనే వుంటుంది.